ఆర్టీసీ నాన్న, షికాగో టికెట్: విమాన దూరం ఎంత, ప్రయాణ సమయం ఎంత?

జనవరిలో రమ్మని మా అమ్మానాన్నలకి హైదరాబాద్ నుంచి షికాగోకి టికెట్లు బుక్ చేసి వాట్సాప్‌లో పంపాను. అరగంటలో నాన్న ఫోన్ చేశారు.

"ఏరా, సోమవారం తెల్లవారుజామున 4:20కి శంషాబాద్‌లో బయల్దేరి, సోమవారమే మధ్యాహ్నం 3:50కి మీ ఊళ్లో దిగుతామని ఉంది ఇందులో. పదకొండున్నర గంటలే కదా! మరి ఇరవై మూడు గంటలని మీ అమ్మని ఎందుకు హడలగొట్టావు?"

నాన్న ఆర్టీసీలో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరయ్యారు. అందులో సగానికి పైగా డిపోలో కంట్రోలర్‌గానే. ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలి, ఏ స్టేజీలో ఎన్ని నిమిషాలు ఆగాలి, డ్యూటీ ఎప్పుడు దిగాలి అన్నది ఆయనకి నోటి లెక్క. ఖమ్మం నుంచి హైదరాబాద్ రెండొందల కిలోమీటర్లు, ఎక్స్‌ప్రెస్‌కి నాలుగున్నర గంటలు, అంతే. దూరం తెలిస్తే టైమ్ చెప్పేస్తారు, టైమ్ తెలిస్తే దూరం చెప్పేస్తారు. అలాంటి మనిషికే ఆ టికెట్ మింగుడు పడలేదు. ఆయనకి నేను వారం రోజుల పాటు ఫోన్‌లో చెప్పిన సమాధానమే ఈ వ్యాసం. మధ్యలో ఆయన నాకు చెప్పినవీ కొన్ని ఉన్నాయి.

మొదటి చిక్కు గడియారాలది. టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరి గడియారం ప్రకారం వేస్తారు. మన గడియారం గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందుంటే, షికాగోది చలికాలంలో ఆరు గంటలు వెనక. రెండూ కలిపితే పదకొండున్నర. శంషాబాద్‌లో సోమవారం 4:20 అయ్యేసరికి షికాగోలో ఇంకా ఆదివారం సాయంత్రం 4:50. అక్కడి నుంచి లెక్కపెడితే సోమవారం మధ్యాహ్నం 3:50కి సరిగ్గా 23 గంటలు. పడమరకి వెళ్తుంటే రోజు సాగుతుంది, తూర్పుకి వస్తుంటే కుంచించుకుపోతుంది. మా వాళ్ల తిరుగు టికెట్ ఏప్రిల్‌లో. షికాగోలో సోమవారం రాత్రి 8:30కి ఎక్కి, హైదరాబాద్‌లో బుధవారం తెల్లవారుజామున 2 గంటలకి దిగాలి. అప్పటికి అమెరికా వాళ్లు గడియారాలు గంట ముందుకి జరుపుకుంటారు కాబట్టి తేడా పదిన్నర గంటలే. కాగితం మీద కనిపించే ఇరవై తొమ్మిదిన్నరలోంచి అది తీసేస్తే 19 గంటలు.

"పోయేటప్పుడు 23, వచ్చేటప్పుడు 19. దారి ఒకటే, ఆగే ఊరు ఒకటే. ఆ నాలుగు గంటలు ఎవరు మింగారు?" అన్నారు నాన్న. కంట్రోలర్ బుర్ర కదా, పట్టేసింది.

విడదీసి చెప్పాను. వెళ్లేటప్పుడు హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి 4 గంటలు, అక్కడ 3 గంటల విరామం, దుబాయ్ నుంచి షికాగోకి 16 గంటలు. వచ్చేటప్పుడు పెద్ద విమానం పదమూడున్నర గంటలు, ఆగేది 2 గంటల 10 నిమిషాలు, చిన్న విమానం 3 గంటల 20 నిమిషాలు. విరామంలో తేడా యాభై నిమిషాలే. మిగతా మూడు గంటల పైచిలుకు గాల్లోనే పోయింది. అది ఎక్కడ పోయిందో తెలియాలంటే ముందు అసలు ఎంత దూరమో తేల్చుకోవాలి. అందులోనే సగం మంది పప్పులో కాలేస్తారు.

బత్తాయి తొక్క మీద దూరం

నాన్న ముందే గోడ మ్యాపు మీద స్కేలు పెట్టి చూశారట. హైదరాబాద్ నుంచి అరేబియా సముద్రం, ఎడారులు, మధ్యధరా, అట్లాంటిక్, చివరికి షికాగో. గీత చక్కగా వచ్చింది. ఆ గీత వెంట నిజంగానే భూమి మీద వెళ్తే ఎంతవుతుందో లెక్క వేశాను: 16,100 కిలోమీటర్ల దాకా వస్తుంది. కానీ ఆ రెండు ఊళ్ల మధ్య అతి దగ్గర దారి 13,300 కిలోమీటర్లే. అంటే 2,800 కిలోమీటర్లు తేడా, హైదరాబాద్ నుంచి దుబాయ్ పోయినా ఇంకా మిగిలేంత.

మ్యాపు అబద్ధం చెప్తోందా అంటే, ఒకరకంగా చెప్తోంది. బత్తాయి పండు తొక్క మొత్తం ఊడదీసి టేబుల్ మీద బల్లపరుపుగా పరవండి. ఎక్కడో ఒకచోట చిరగాలి, లేకపోతే సాగాలి. 1569లో మెర్కేటర్ గీసిన పద్ధతిలో పైనా కిందా సాగదీసి అతికించారు. దిక్సూచి పట్టుకుని పోయే నావికులకి అది వరం, ఒకే దిక్కున వెళ్లే దారి మ్యాపు మీద తిన్నని గీత అవుతుంది. కానీ ధ్రువాల వైపు పోయేకొద్దీ అంతా ఉబ్బిపోతుంది. అందులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దానికి పద్నాలుగు రెట్లు.

అందుకే మ్యాపు పక్కన పెట్టి గ్లోబు తెచ్చుకోవాలి. నాన్న పక్కింటి పిల్లాడి గ్లోబు అడిగి తెచ్చుకున్నారు. హైదరాబాద్ మీద ఒక వేలు, షికాగో మీద ఒక వేలు పెట్టి, మధ్యలో దారం బిగించి లాగమన్నాను. వదులుగా ఉన్నప్పుడు అది అట్లాంటిక్ మీద పడుకుంది. బిగించేకొద్దీ పైకి జారుతూ జారుతూ ఉత్తర ధ్రువం పక్కకి చేరి అక్కడ ఆగిపోయింది. "ఇదేందిరా, మంచు మీదికి పోయింది!" అన్నారు.

ఆ దారం పోయిన దారే అసలు దూరం. షికాగో మనకి పడమరన ఉందనుకుంటాం కానీ హైదరాబాద్ నుంచి బయల్దేరే గీత దాదాపు ఉత్తరానికే పోతుంది, కాస్త, ఒక పన్నెండు డిగ్రీలు, పడమరకి ఒరిగి. ఢిల్లీకి కొంచెం ఎడమగా, అమృత్‌సర్ దగ్గరగా, గిల్గిట్ కొండల మీదుగా, ఫెర్గానా లోయ, కజకిస్తాన్, ఉరల్ పర్వతాల పక్కగా రష్యా దాటి, బారెంట్స్ సముద్రం, స్వాల్‌బార్డ్ దీవులు, గ్రీన్‌లాండ్ ఉత్తర భాగం. అక్కడి నుంచి కిందికి దిగుతూ హడ్సన్ అఖాతం మీదుగా షికాగో. మధ్యలో ఎక్కడా అట్లాంటిక్ నడిబొడ్డు తగలదు. ఇంటర్నెట్‌లో రెండు ఊళ్ల పేర్లు కొడితే వచ్చే విమాన దూరం ఈ గీత పొడవే. (విమానం పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది కదా, ఆ మేరకు చుట్టు పెరగదా అని నాన్న అడిగారు. పెరుగుతుంది. ఇంత దారికీ కలిపి ఒక 23 కిలోమీటర్లు.)

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. గల్ఫ్ మీదుగా వెళ్తే చుట్టుదారి అని అందరూ అనుకుంటారు. హైదరాబాద్–దుబాయ్ 2,550 కిలోమీటర్లు, దుబాయ్–షికాగో 11,640. మొత్తం 14,190. అతి దగ్గర దారి కంటే 900 కిలోమీటర్లే ఎక్కువ, విమానానికి గంట పని. మనం అలసిపోయేది ఆ చుట్టు వల్ల కాదు, మధ్యలో కుర్చీలో కూర్చున్న మూడు గంటల వల్ల.

గీత ఒకటి, దారి ఒకటి

ఆ 13,300 కిలోమీటర్లు ఒకే ఊపున ఎగిరిన విమానం కూడా ఉండేది. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా హైదరాబాద్–షికాగో మధ్య నేరుగా సర్వీసు మొదలుపెట్టింది, బోయింగ్ 777-200ఎల్‌ఆర్ విమానంతో. అది ఎక్కువ కాలం సాగలేదు. అంతకి కొద్ది రోజుల ముందే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి కాక్‌పిట్‌లో అందరూ మహిళలే ఉన్న విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. కెప్టెన్ జోయా అగర్వాల్ నడిపిన ఆ విమానంలో మిగతా పైలట్లు పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. ఆ రెండు ఊళ్ల మధ్య దాదాపు 14,000 కిలోమీటర్లు. శాన్‌ఫ్రాన్సిస్కో బెంగళూరుకి భూమికి దాదాపు అవతలి వైపున ఉన్నట్టే. అందుకే ధ్రువం మీదుగా పోవచ్చు, పసిఫిక్ మీదుగానూ పోవచ్చు, ఆ రోజు గాలి ఎటు అనుకూలమో అటు.

కానీ గ్లోబు మీద దారానికి దేశాలతో పనిలేదు, విమానానికి ఉంది. పైనున్న గీతని మళ్లీ చూడండి. అమృత్‌సర్ దాటగానే ఎదురయ్యేవి ప్రపంచంలోని అతి ఎత్తైన కొండలు. విమానం వాటి కంటే చాలా ఎత్తున పోతుందిగా, ఇబ్బందేముంది అనిపిస్తుంది. ఇబ్బంది అంతా బాగున్నప్పుడు కాదు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే పదివేల అడుగులకి, అంటే మూడు కిలోమీటర్ల ఎత్తుకి దిగాలి. పైనుంచి వేలాడే మాస్కుల్లో ఆక్సిజన్ మామూలుగా ఓ పావుగంట, ఇరవై నిమిషాలకి మించి రాదు. కింద ఉన్నది టిబెట్ పీఠభూమి అయితే నేలే సగటున నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. దిగడానికి చోటేది? అందుకే మన దేశం నుంచి ఉత్తరానికి పోయే విమానాలు మామూలుగా హిమాలయాలకి పడమటి పక్క నుంచి, పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ మీదుగా సందు చూసుకుని పోతాయి.

ఇక ఆ సందు మూతపడితే? 2019 ఫిబ్రవరి నుంచి జులై దాకా ఒకసారి మూతపడింది. మళ్లీ 2025 ఏప్రిల్ 24న, పహల్గామ్ దాడి తర్వాత, పాకిస్తాన్ మన విమానయాన సంస్థలకి తన గగనతలం మూసేసింది. వారంలోపే మనమూ వాళ్లకి మూసేశాం. దాంతో ఢిల్లీ నుంచి అమెరికా పోయే విమానాలు దక్షిణం వైపు మళ్లి, అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరిగి పోవాల్సి వచ్చింది. కొన్ని వియన్నాలోనో కోపెన్‌హేగన్‌లోనో ఆగి ఇంధనం పోసుకున్నాయి, సిబ్బందిని మార్చుకున్నాయి. టికెట్ మీద ఊళ్ల పేర్లు మారలేదు, గ్లోబు మీద దూరమూ మారలేదు. ప్రయాణం మాత్రం గంటలకి గంటలు పెరిగింది.

నాకు అన్నిటికంటే వింతగా అనిపించింది తాష్కెంట్ సంగతి. ఢిల్లీ నుంచి తాష్కెంట్ 1,580 కిలోమీటర్లు. ఢిల్లీ నుంచి చెన్నై 1,760. అంటే ఢిల్లీకి చెన్నై కంటే ఉజ్బెకిస్తాన్ రాజధానే దగ్గర. అయినా పాకిస్తాన్ దారి మూతపడగానే ఇండిగో తన తాష్కెంట్, అల్మాటీ సర్వీసులు ఆపేసుకుంది, చుట్టు తిరిగి వెళ్తే తన విమానాలు అంత దూరం ఎగరలేవని చెప్పి. పక్కింటి గుమ్మంలోకి పోవడానికి గోడ అడ్డం వస్తే వీధంతా తిరగాల్సినట్టు.

దారిలో తర్వాతి పెద్ద దేశం రష్యా. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, కెనడా, బ్రిటన్, యూరోపియన్ యూనియన్ సంస్థలకి రష్యా ఆకాశం మూతపడింది. ఫిన్లాండ్ సంస్థ ఫిన్‌ఎయిర్ బాగా దెబ్బతింది. హెల్సింకీ నుంచి టోక్యోకి సైబీరియా మీదుగా తొమ్మిదిన్నర గంటల్లో పోయే విమానాలు ధ్రువం చుట్టో, దక్షిణం చుట్టో తిరిగి పదమూడు గంటలు పట్టడం మొదలైంది. ఎయిర్ ఇండియాకి ఆ ఇబ్బంది లేదు, మనకి రష్యా తలుపు తెరిచే ఉంది. ఢిల్లీ–అమెరికా దారిలో అమెరికన్ సంస్థలకి లేని సదుపాయం ఇది. కాకపోతే దానికీ ఓ వెల ఉందని 2023 జూన్ 6న తెలిసింది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా విమానం ఇంజిన్‌లో సమస్య వచ్చి రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. ఆ ఊళ్లో అంతమందికి సరిపడా హోటళ్లు లేక చాలామందిని బడి వసతుల్లో ఉంచారు. వేరే విమానం వెళ్లి వాళ్లని తీసుకెళ్లింది.

రెండు ఇంజిన్ల విమానాలకి ఉన్న మరో నియమం కూడా ఇక్కడే పనిచేస్తుంది. ఒక ఇంజిన్ ఆగిపోతే రెండో దానితో ఇన్ని నిమిషాల్లో చేరుకోగలిగే విమానాశ్రయం ఒకటి దారి పొడవునా అందుబాటులో ఉండాలి. ఒకప్పుడు ఆ పరిమితి 60 నిమిషాలు. 1985లో 120 నిమిషాలకి అనుమతులు మొదలయ్యాయి, తర్వాత విమానాన్ని బట్టి 180, 330, 370 నిమిషాల దాకా పెంచారు. ఆ పెంపు లేకపోతే సముద్రాల మీద, మంచు మీద ఈ తిన్నని దారులు ఉండేవే కావు.

"మా రోజుల్లో ఘాట్ రోడ్డు మీద బస్సు చెడిపోతే దగ్గర్లో ఏ డిపో నుంచి మెకానిక్ రావాలో ముందే రాసుకునేవాళ్లం, ఇదీ అంతే" అన్నారు నాన్న. అంతే.

గాలి మింగిన మూడు గంటలు

ఇప్పుడు ఆ పోయిన గంటల దగ్గరికి వద్దాం. 777 లాంటి పెద్ద విమానం వేగం గంటకి 900 కిలోమీటర్లు అంటాం. ఆ వేగం చుట్టూ ఉన్న గాలితో పోల్చి, నేలతో పోల్చి కాదు. గాలే కదులుతుంటే? గోదావరిలో పడవ నడిపే వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. వాలుకి పోయినంత సులువుగా ఎదురీదలేం, తెడ్డు వేసే చేతులు అవే అయినా.

భూమికి తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, సరిగ్గా విమానాలు తిరిగే చోటే, పడమర నుంచి తూర్పుకి గాలి నదులు పారుతుంటాయి. జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో మరీ ఉధృతంగా ఉంటాయి, గంటకి 200 కిలోమీటర్లు దాటడం మామూలే. 2020 ఫిబ్రవరిలో ఓ తుపాను రోజుల్లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. నేల మీద లెక్కేస్తే గంటకి 1,300 కిలోమీటర్లు దాటింది. ధ్వని వేగాన్ని దాటిందా అంటే లేదు. తన చుట్టూ ఉన్న గాలిలో అది మామూలు వేగంతోనే పోతోంది, ఆ గాలే దాన్ని మోసుకొచ్చింది.

దీనివల్ల ఓ చిత్రమైన సంగతి: దగ్గర దారే త్వరగా చేర్చే దారి కానక్కర్లేదు. అట్లాంటిక్ మీద అయితే కెనడాలో గాండర్, ఇవతల బ్రిటన్, ఐర్లాండ్ వైపు షాన్‌విక్ అనే నియంత్రణ కేంద్రాలు రోజూ ఆ రోజు గాలిని చూసి ఆకాశంలో దారులు గీస్తాయి. తూర్పుకి వచ్చేవి గాలి నదిలోకి దిగేలా, పడమరకి పోయేవి తప్పించుకునేలా. నిన్నటి దారి ఇవాళ ఉండదు. గ్లోబు గీత కంటే రెండు మూడొందల కిలోమీటర్లు ఎక్కువ తిరిగి కూడా ముందే చేరిన విమానాలు బోలెడు.

పోయేటప్పుడు నష్టపోయింది వచ్చేటప్పుడు కలిసొస్తుందిగా, సరికి సరి అనుకుంటాం. అదీ కుదరదు. 4,000 కిలోమీటర్ల దూరం, గంటకి 900 వేగం, 100 కిలోమీటర్ల గాలి అనుకోండి. పోయేటప్పుడు 800 చొప్పున 5 గంటలు, వచ్చేటప్పుడు 1,000 చొప్పున 4 గంటలు, మొత్తం 9. గాలే లేకపోతే 8 గంటల 53 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి, గాలి ఎప్పుడూ కొంచెం కమీషన్ తీసుకునే వదులుతుంది.

ఇక్కడ చాలామందికి ఇంకో అనుమానం వస్తుంది, నాన్నకీ వచ్చింది. "భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది కదా, మరి పడమరకి పోయే విమానం ఊరికే గాల్లో నిలబడితే షికాగోయే కిందికి వస్తుందిగా? ఇంకా త్వరగా చేరాలి!" వినడానికి బాగుంటుంది. కానీ భూమితో పాటు దాని మీది గాలి కూడా తిరుగుతోంది, ఆ గాలిలో ఉన్న విమానమూ తిరుగుతోంది. అద్దాలు మూసిన బస్సులో ఈగ ఎగురుతోంది అనుకోండి. బస్సు అరవైలో పోతున్నా ఈగ వెనక అద్దానికి పోయి కొట్టుకోదు, డ్రైవర్ దగ్గరికీ కండక్టర్ దగ్గరికీ తీరుబడిగా తిరుగుతుంది. బస్సు ఉదాహరణ చెప్పాక ఆయన ఇంకేమీ అడగలేదు.

దాచిపెట్టిన నిమిషాలు

పొడుగు ప్రయాణాల గొడవ అలా ఉంచి, మనం ఎక్కువగా ఎక్కేది చూద్దాం. హైదరాబాద్ నుంచి ఢిల్లీ విమాన దూరం 1,265 కిలోమీటర్లు. ఎయిర్‌బస్ ఎ320 గంటకి 830 పోతుంది. భాగిస్తే గంటన్నర. టికెట్ మీద మాత్రం రెండుంబావు. ముప్పావుగంట ఎక్కడికి పోయింది?

టికెట్ మీద వేసేది గాల్లో ఉన్న సమయం కాదు. చక్రాల కింద పెట్టిన అడ్డు దిమ్మలు తీసినప్పటి నుంచి, అవతలి ఊళ్లో మళ్లీ అడ్డు పెట్టే దాకా. దీన్నే బ్లాక్ టైమ్ అంటారు. శంషాబాద్‌లో వెనక్కి నెట్టి, రన్‌వే కొస దాకా నింపాదిగా పోవడానికి పది పదిహేను నిమిషాలు. పైకెక్కేటప్పుడు పూర్తి వేగం ఉండదు. ఢిల్లీ దగ్గరపడ్డాక పదివేల అడుగుల కింద వేగం గంటకి 463 కిలోమీటర్లు మించకూడదు. ముందు ఎన్ని విమానాలుంటే అంతసేపు గాల్లో లైను. ఢిల్లీలో దిగాక టెర్మినల్‌కి చేరేసరికి ఇంకో ఊరు దాటినట్టు ఉంటుంది. పైగా గాల్లో కూడా తిన్నగా పోనివ్వరు. 2020 మేలో కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ చెప్పిన లెక్క ప్రకారం అప్పటికి మన ఆకాశంలో 60 శాతమే పౌర విమానాలకి స్వేచ్ఛగా అందుబాటులో ఉంది, మిగతాది సైన్యం అవసరాలకి. దాన్ని సడలిస్తామని కూడా ఆమె అప్పుడే అన్నారు.

ఇవన్నీ పోను ఇంకో పది నిమిషాలు మిగులుతాయి. అవి సంస్థ తన జేబులో దాచుకున్నవి. మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లెక్కలో వేళకి పదిహేను నిమిషాల లోపు ఉంటే సమయానికి నడిచినట్టే. ఆ మార్కులు పోకుండా టైమ్‌టేబుల్లోనే కాస్త వదులు పెట్టుకుంటారు. అరగంట ఆలస్యంగా లేచిన విమానం పది నిమిషాల ఆలస్యంతో దిగడం, వేళకి లేచింది పావుగంట ముందే దిగి పైలట్ గర్వంగా మైకులో చెప్పడం వెనక మహిమ అదే. ప్రయాణికులు చప్పట్లు కొట్టడం కూడా చూశాను నేను.

ఈ ముక్క చెప్తే నాన్న పగలబడి నవ్వారు. "మేమూ అంతేరా. చార్టులో సూర్యాపేట దగ్గర పది నిమిషాలు ఎక్కువ రాసేవాళ్లం, టీ పేరు చెప్పి. నకిరేకల్ దగ్గర ట్రాఫిక్ ఆగితే అందులోంచి తీసేవాళ్లం." ఇది తప్పనుకోను నేను. దాచుకున్న పది నిమిషాలు లేకపోతే పొద్దున మొదటి విమానం ఆలస్యం, అదే విమానం రాత్రి దాకా తిరిగే ఐదు ట్రిప్పులకీ అంటుకుంటుంది.

చేతి లెక్క కావాలంటే ఇలా వేసుకోండి: విమాన దూరాన్ని 800తో భాగించి, వచ్చినదానికి 40 నిమిషాలు కలపండి. హైదరాబాద్–ఢిల్లీకి 2 గంటల 15 నిమిషాలు వస్తుంది, దుబాయ్‌కి 3 గంటల 50, లండన్‌కి (7,750 కిలోమీటర్లు) 10 గంటల 20. టికెట్లతో దాదాపు సరిపోతాయి. గాలి, మూసిన ఆకాశాలు ఈ లెక్కలో లేవు కాబట్టి అమెరికా దాకా దీన్ని లాగొద్దు.

మరీ చిన్న దూరాలకి ఈ 40 నిమిషాలే అసలు ప్రయాణాన్ని మింగేస్తాయి. హైదరాబాద్ నుంచి విజయవాడ విమాన దూరం 265 కిలోమీటర్లు, గాల్లో పూర్తి వేగంతో పోతే ఇరవై నిమిషాల పని, టికెట్ మీద గంట. కూకట్‌పల్లిలో ఉన్నవాళ్లకి శంషాబాద్ చేరడానికి గంట, ముందుగా వెళ్లి కూర్చోడానికి గంటన్నర, గన్నవరంలో సామాను తీసుకుని బెజవాడలో ఇంటికి చేరడానికి ఇంకో గంటంబావు. నాలుగు గంటల ముప్పావు. బస్సు ఐదున్నర గంటల్లో మీ వీధి చివర దింపుతుంది. ఈ విషయంలో ఆర్టీసీ వైపు మొగ్గానని నాన్నకి సంతోషం.

సరే, మా వాళ్లు వచ్చారు, 23 గంటలకి పన్నెండు నిమిషాలు తక్కువలో. దిగగానే నాన్న చెప్పిన మొదటి మాట అదే. చేతికి పాత హెచ్‌ఎంటీ వాచీ, దాని టైమ్ మార్చలేదు, మారుస్తానన్నా ఒప్పుకోలేదు. ఊళ్లో వాళ్లకి ఎప్పుడు ఫోన్ చెయ్యాలో తెలియాలట. ఇక్కడి టైమ్ కోసం ఆయనే ఓ కిటుకు కనిపెట్టారు: వాచీలో అరగంట కలిపి, రాత్రిని పగలు చేసుకోవడం. వాచీలో రాత్రి 7:30 ఉంటే ఇక్కడ పొద్దున 8. అమ్మకి బీపీ మాత్ర కూడా ఆ లెక్కనే వేసేవారు.

మార్చి రెండో ఆదివారం పొద్దున నేను లేచేసరికి ఆయన వంటగదిలో నిలబడి ఒకసారి వాచీనీ, ఒకసారి స్టవ్ పక్కనున్న ఫోన్‌నీ చూస్తున్నారు.

"మీ ఫోన్ గంట ఫాస్టుగా ఉందిరా."

రాత్రి రెండింటికి అమెరికాలో దాదాపు అంతటా గడియారాలు గంట ముందుకి జరిగాయని, ఇప్పుడు మనకీ వీళ్లకీ తేడా పదిన్నరేనని చెప్పాను. వాచీ తీసి పక్కన పెడతారేమో అనుకున్నా. ముట్టుకోలేదు. జేబులోంచి డైరీ తీసి, 'అరగంట' కొట్టేసి, పైన 'గంటన్నర' అని రాసుకున్నారు.